బరంపురం మగ్గం పక్కన లండన్ మైనపు బొమ్మలు

నమస్కారమండీ. మీరు చూస్తున్నవి లండన్ మేరిల్‌బోన్ రోడ్డులో ఉన్న మేడమ్ టుస్సాడ్స్ అనే మైనపు బొమ్మల మ్యూజియంలో నేను తీసిన దృశ్యాలు. మాటలను మాత్రం గంజాం జిల్లా బరంపురంలో, మా పెదనాన్న గారి మగ్గం పక్కన కూర్చుని రికార్డు చేస్తున్నాను. ఆయన యాభై ఏళ్ళుగా పట్టుచీరలు నేస్తున్నారు. సెలవులకు వచ్చిన నన్ను అక్కడి విశేషాలు అడిగితే ముందుగా ఇవే చూపించాను.

సినీ తారల బొమ్మల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. నేనూ ఫోటోలు దిగాను. ఆ భాగాన్ని త్వరగా దాటిస్తాను. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ మ్యూజియంను స్థాపించిన మేరీ టుస్సాడ్ 1842లో, 80 ఏళ్ళ వయసులో, తన రూపాన్ని తానే మలచుకున్న బొమ్మ. 1761లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన ఆమె, తన తల్లి ఇంటిపని చేసిన ఫిలిప్ కర్టియస్ అనే వైద్యుని దగ్గర మైనపు పని నేర్చుకుని, 1777లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ ముఖాన్ని మలచింది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో గిలెటిన్ కింద తెగిన తలలకు అచ్చులు తీయవలసి వచ్చిందని, వాటిలో తనకు పరిచయమున్న ముఖాలు కూడా ఉన్నాయని ఆమె తరువాత చెప్పుకుంది. ఈ మాట విని పెదనాన్న గారు ఆసు పక్కన పెట్టి, "ఆ చేతులు వణకలేదా అమ్మా!" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

1802లో బ్రిటన్ చేరిన ఆమె, మూడు దశాబ్దాలకు పైగా బొమ్మలతో ఊరూరా తిరిగి, చివరికి 1835లో లండన్ బేకర్ వీధిలో స్థిరపడింది. ప్రదర్శన ఇప్పటి చోటికి మారింది ఆమె పోయిన తరువాత, 1884లో.

ఒక బొమ్మ నుదుటిని దగ్గరగా తీసిన దృశ్యం వచ్చినప్పుడు ఆయన ఫోన్‌ను కళ్ళ దగ్గరకు తీసుకున్నారు. బతికున్నవారి బొమ్మ చేయాలంటే కొన్ని వందల కొలతలు తీసుకుంటారని, మైనం చల్లారితే కుదించుకుపోతుంది కనుక తలను అసలు కొలతకంటే సుమారు 2 శాతం పెద్దదిగా మలుస్తారని, ఆ తరువాత వెంట్రుకలను సూదితో ఒక్కొక్కటిగా గుచ్చుతూ వారాల తరబడి కూర్చుంటారని వివరించాను. మా ఇంట్లో ఈ ఓపిక ఎవరికీ కొత్త కాదు. మగ్గం మీద నిలువుగా సాగే దారాలను పడుగు అంటాం; పాత పడుగు చివర కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి అచ్చు అతకడం నా చిన్నప్పుడు మా పెద్దమ్మ గారు చేసేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కసురుకునేవారు.

1925లో అగ్నిప్రమాదం జరిగి ఆ మ్యూజియంలో చాలా బొమ్మలు కరిగిపోయాయనగానే పెదనాన్న గారి ముఖం వాడిపోయింది. తల అచ్చులు మిగిలాయని, వాటి నుంచే బొమ్మలను తిరిగి పోసుకున్నారని చెప్పాక తేరుకున్నారు.

"అచ్చు ఉందిగా, ఇంకేం," అంటూ లేచి, మగ్గం మీద కప్పిన గుడ్డ తీశారు. చీరకు నేస్తున్న కుంభం అంచు, అంటే గుడి గోపురంలాంటి మొనల అంచు, సగం దాకా వచ్చింది. దాన్నే ఇప్పుడు మీకు చూపిస్తున్నాను.