సెగ మీద వంట: షిచిరిన్‌ను సరిగ్గా వాడుకోవడం

అందరికీ నమస్కారం. ముందుగా అందరూ ఆ మూలనున్న, బొగ్గు రాజేసే రేకు చిమ్నీ వైపు ఒకసారి చూడండి. అరకిలో నల్లబొగ్గు పోసి, అడుగున రెండు అంటింపు బిళ్ళలు పెట్టి ఇప్పుడే వెలిగించాం. అది వంటకు పనికొచ్చే స్థితికి రావడానికి పావుగంట పైన పడుతుంది. నాకిచ్చిన సమయమూ అంతే. నేను సాగదీస్తే బొగ్గు బూడిదవుతుంది, మీకు చేపలు ఉండవు. గడియారం అక్కర్లేదు, నిప్పే చూసుకుంటాను.

ఈ బల్ల మీదున్నది షిచిరిన్, ఇక్కడి జపాన్ వాళ్ళ బొగ్గు పొయ్యి. ఒసాకా వైపు కాంతెకి అంటారు. మనవాళ్ళు ఎవరు చూసినా "ఇది మన కుంపటే కదా" అంటారు. నిజమే. మట్టి ఒళ్ళు, కింద గాలి వెళ్ళే కిటికీ, మధ్యలో చిల్లుల బిళ్ళ, దాని మీద బొగ్గు. తేడా వాడకంలో ఉంది. మనం కుంపటి మీద గిన్నె పెడతాం. వీళ్ళు జాలీ పరిచి చేపను, కోడిని, కూరగాయను నేరుగా నిప్పుకు చూపిస్తారు. పేరుకు అర్థం 'ఏడు రిన్'. రిన్ అంటే యెన్‌లో వెయ్యో వంతు. ఏడు రిన్ల బొగ్గుతో వంట తెమిలిపోతుంది కాబట్టి ఆ పేరని జనం చెప్పుకుంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, బొగ్గు పొదుపు మాత్రం కళ్ళారా చూడొచ్చు.

ఆ పొదుపు మట్టిలోనే ఉంది. ఇది మామూలు బంకమన్ను కాదు, కేసోదో అనే మట్టి. కోటి ఏళ్ళకు పూర్వం సముద్రంలో బతికిన డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు జీవుల గాజులాంటి పెంకులు అడుగున పేరుకుని ఏర్పడింది. ఒక్కో పెంకు నిండా కంటికి కనపడని చిల్లులు, ఆ చిల్లుల్లో గాలి. గాలి వేడిని పోనివ్వదు. అందుకే లోపల నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నా, పక్కన కూర్చున్నవాడికి ఒళ్ళు మాడదు. ఇషికావా జిల్లా నోతో ద్వీపకల్పం కొసన ఉన్న సుజు పట్టణం ఈ మట్టికి పేరుపడింది. అక్కడ కొండ లోపలికి సొరంగాలు తవ్వి, పొడవాటి ఉలితో దిమ్మలు కోసి తీసి, ఆ దిమ్మనే చెక్కి కాలుస్తారు. దాన్ని కిరిదాషి అంటారు, అంటే కోసి తీసినది. 2024 జనవరి 1న వచ్చిన 7.6 తీవ్రత భూకంపం ఆ ఊరిని కుదిపేసింది, షిచిరిన్లు కాల్చే బట్టీలు కూడా దెబ్బతిన్నాయి.

రెండో రకం, మట్టిని పొడి చేసి అచ్చులో నొక్కి కాల్చినది. హోమ్ సెంటర్లలో చవగ్గా దొరికేది ఎక్కువగా ఇదే. చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. అంతే పరిమాణంలో కిరిదాషి తేలిగ్గా ఉంటుంది, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి 25 నుంచి 30 సెంటీమీటర్ల గుండ్రటిది చాలు. మొదటిసారి కొనేవాళ్ళు అచ్చుది కొనుక్కున్నా తప్పులేదు. నా ఉద్దేశంలో డబ్బు పెట్టాల్సింది పొయ్యి మీద కంటే ముందు బొగ్గు మీద.

ఇక అసలు విషయం. తెలుగులో మంట, సెగ అని రెండు మాటలున్నాయి. షిచిరిన్ సెగతో వండే పొయ్యి. అందులో మంట కనిపిస్తోందంటే ఇంకా వేళ కాలేదని, లేదా కొవ్వు కారి అంటుకుందని అర్థం. బాగా రాజుకున్న బొగ్గు పైభాగం 800 డిగ్రీలు దాటుతుంది. అక్కడి నుంచి వచ్చే వేడిలో ఎక్కువ భాగం పరారుణ కిరణాలుగా వస్తుంది, ఎండలా నేరుగా వచ్చి తాకుతుంది. దానికి తోడు ఇంకొకటి. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, బొగ్గు మండితే దాదాపు పుట్టదు. అందుకే గ్యాస్ మీద కాల్చిన చేప తోలు మెత్తబడితే, బొగ్గు మీద కాల్చినది కరకరలాడుతుంది. జపాన్ వంటవాళ్ళు ఈ మొత్తాన్ని ఒక్క మాటలో 'త్సుయోబి నో తోబి' అంటారు. నిప్పు బలంగా ఉండాలి, వస్తువు దూరంగా ఉండాలి. మనలో చాలామంది చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: నిప్పు నీరసంగా, జాలీ బొగ్గుకు ఆనించి.

ఒకసారి చిమ్నీ చూద్దాం. తెల్లటి పొగ దట్టంగా వస్తోంది. లోపలి తేమ, సరిగ్గా కాలని కట్టె ముక్కల్లోని తారు బయటికి పోతున్నాయి. ఇప్పుడు ఏం పెట్టినా చేదెక్కుతుంది. వదిలేద్దాం.

బొగ్గు మూడు రకాలు. ఇప్పుడు మండుతున్నది కురోజుమి, నల్లబొగ్గు. తేలిగ్గా అంటుకుంటుంది, గంట, గంటన్నర నిలుస్తుంది. కొత్తవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. రెండోది ఒగాతాన్. రంపపు పొట్టును గట్టిగా నొక్కి, మధ్యలో రంధ్రం ఉంచి కాల్చిన కడ్డీ. పేలదు, ఎక్కువసేపు ఉంటుంది, కానీ అంటించడానికి ఓపిక కావాలి. మూడోది బించోతాన్, తెల్లబొగ్గు. వకాయామా వైపు పెరిగే ఉబామే అనే సింధూర జాతి చెట్టు కట్టెతో చేసేది మేలు రకం. కాల్చడం చివర్లో బట్టీ వేడిని 1,000 డిగ్రీలకు ఎక్కించి, ఎర్రగా బయటికి లాగి, బూడిదా ఇసుకా కలిపి కప్పి ఆర్పుతారు. రెండు ముక్కలు తాకిస్తే కంచు గిన్నెలా ఖంగుమంటుంది. ఇది అంటుకోవడానికి అరగంట పైనే కావాలి. తొందరపడి చల్లటి కడ్డీని నడి నిప్పులో దూరిస్తే లోపలి తేమ ఆవిరై కడ్డీ పేలి ముక్కలు ఎగురుతాయి. అంచున పెట్టి, పది నిమిషాలు వెచ్చబెట్టి, తర్వాత లోపలికి జరపాలి. ఇండియా వెళ్ళాక చేసుకుంటామనేవాళ్ళు సరుగుడు బొగ్గు గానీ తుమ్మ బొగ్గు గానీ తీసుకోండి, ఇస్త్రీ బండి దగ్గర దొరికేదే. చితుకులూ పొడీ జల్లెడ పట్టి తీసేయాలి, లేకపోతే చిల్లుల బిళ్ళ మూసుకుపోతుంది.

అంటించడంలో రెండు హెచ్చరికలు. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద బొగ్గు రాజేసి బయటికి తెచ్చే పాత అలవాటు ఇప్పుడు అంతగా కుదరదు. 2008 నుంచి వచ్చిన పొయ్యిల్లో ప్రతి బర్నర్‌కూ వేడి మితిమీరితే మంట తగ్గించే సెన్సర్ ఉంటుంది. దానికి బదులు చిన్న గ్యాస్ డబ్బాతో నడిచే కాసెట్ పొయ్యి మీద మాత్రం ఎన్నడూ రాజేయకండి. బొగ్గు సెగకు పక్కనున్న డబ్బా కాగి పేలుతుంది. రెండోది, ట్యూబులో వచ్చే జెల్. నిప్పు మందగించిందని మధ్యలో జెల్ పిండితే, మంట ట్యూబు దాకా ఎగబాకుతుంది. మిథనాల్ మంట పగటి వెలుతురులో కనపడదు కూడా. వాడితే అంటించకముందే వాడాలి, ఆ తర్వాత ట్యూబు సంచిలోకి పోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలిలో ఉంది. రాజుకున్న బొగ్గుకు పొగ ఉండదు, వాసన ఉండదు. అందుకే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. గదిలో వద్దు, గుడారంలో వద్దు, వాన పడుతోందని గుడారం గుమ్మంలోకి జరపడం అసలే వద్దు. సగం ఆరిన బొగ్గును కారు డిక్కీలో పెట్టుకుని అద్దాలు వేసుకుని ఇంటికి బయల్దేరడం కూడా అదే తప్పు. తలనొప్పి, వికారం అనిపిస్తే వెంటనే ఆరుబయటికి రావాలి, ఇక్కడి అంబులెన్సు నంబరు 119కి ఫోన్ చేయాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీ కూడా ఆరుబయలు కిందికి రాదు. ఇక్కడ అది అగ్నిప్రమాదంలో తప్పించుకునే దారి, పైగా పొగ పై ఇంటివాళ్ళ బట్టలకు పడుతుంది. నది ఒడ్డున గానీ పార్కులో గానీ నిప్పుకు అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. పొయ్యి కింద రెండు ఇటుకలో పలకరాయో వేయండి. మట్టి వేడిని ఎంత ఆపినా, గాలి కిటికీ దగ్గర రాలిన నిప్పులు ప్లాస్టిక్ బల్లను కరిగించేస్తాయి.

చిమ్నీ పొగ తగ్గింది చూశారా. పైనుంచి నీలి మంట నాలుకలు వస్తున్నాయి. ఇంకో అయిదారు నిమిషాలు.

ఈలోగా చేప. శరదృతువు వచ్చిందంటే ఇక్కడ సాన్మా. ఒకప్పటితో పోలిస్తే వలలో పడేవి తగ్గి ధర పెరిగింది గానీ, ఒక్కటైనా కాల్చకపోతే ఆ రుతువు గడిచినట్టుండదు. పేగులు తీయరు, ఆ చిరుచేదుతోనే తింటారు. ఉప్పు చేప బరువులో 2 శాతం. 130 గ్రాముల చేపకు అర టీస్పూను అనుకోండి, కొంచెం రాలిపోతుంది. రెండు వైపులా చల్లి ఇరవై నిమిషాలు ఉంచితే ఒంటి మీద నీటి బొట్లు లేస్తాయి. నీచు వాసన ఆ నీళ్ళలోనే ఉంటుంది. కాగితంతో అద్ది తుడిచేయాలి. తడి చేపను పెడితే మొదటి రెండు నిమిషాలు సెగంతా నీళ్ళు ఆరడానికే సరిపోతుంది, తోలు ఉడికి జాలీకి పట్టుకుంటుంది. చేప అంటుకుపోయిందని జాలీని తిట్టేవాళ్ళలో సగం మంది తప్పు ఇక్కడే. మిగతా సగం చల్లటి జాలీ మీద పెట్టినవాళ్ళు. జాలీని నిప్పు మీద రెండు మూడు నిమిషాలు కాగనిచ్చి, వెనిగర్‌లో ముంచిన గుడ్డను పట్టకారుతో పట్టుకుని రుద్దితే చేప సులువుగా వదులుతుంది.

ఒక వైపు అయిదారు నిమిషాలు, తిప్పి నాలుగైదు. ఒకేసారి తిప్పాలి. సమయం కాకుండా లేపి చూడబోతే తోలు ఊడి వస్తుంది. వేళ అయితే చేప దానంతటదే జాలీని వదిలేస్తుంది. కొవ్వు కారి మంట లేస్తే విసనకర్రతో పైనుంచి ఊపి మంటను తప్పించండి, లేదా చేపను పక్కకు జరపండి. నీళ్ళు మాత్రం చిలకరించొద్దు. ఎర్రగా కాగిన ఈ మట్టి మీద నీళ్ళు పడితే ఆ చోట బీట వారుతుంది.

కోడి అయితే తొడ మాంసం, రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు, పుల్లకు 30, 40 గ్రాములు. ముక్కలు ఒకదానికొకటి ఆనాలి. సందు ఉంటే అక్కడ పుల్ల కాలి తెగుతుంది. లోపల 75 డిగ్రీలు ఒక నిమిషం నిలవాలన్నది ఇక్కడి ప్రమాణం. సోయా, చక్కెర కలిసిన తారె సాస్ ముందే పూస్తే చక్కెర మాడుతుంది, ముప్పాతిక వంతు కాలాక పూయండి. శాకాహారులు దిగులుపడక్కర్లేదు. జపాన్ వంకాయను తొడిమ ఉంచి, నాలుగు గాట్లు పెట్టి, తోలు నల్లగా మాడేదాకా తిప్పండి. వాళ్ళు తోలు ఒలిచి అల్లం, సోయా వేసుకుంటారు. మనం అదే వంకాయతో పచ్చిపులుసు చేసుకుంటాం. గాట్లు పెట్టకపోతే పేలుతుంది, మనింట్లో చెప్పినట్టే.

తినడం మొదలయ్యాక ఎవరూ వినరు గనుక, ఆర్పడం ముందే చెప్పేస్తాను. గాలి కిటికీ మూస్తే నిప్పు మందగిస్తుంది గానీ ఆరదు, పైన తెరిచి ఉంది కదా. హికేషి త్సుబో అనే మూత కుండలోకి నిప్పులను ఒక్కొక్కటిగా పట్టకారుతో వేసి మూత బిగించండి. గాలి అందక ఆరిపోతాయి. ఆ మిగిలిన బొగ్గును దాచుకోండి, ఈసారి అంటించేటప్పుడు కొత్త బొగ్గు కంటే ముందు అదే రాజుకుంటుంది. ఇసుకలో పూడ్చి వెళ్ళడం వద్దు, బొగ్గు మట్టిలో కలవదు, పైగా లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. పొయ్యి చల్లారడానికి రెండు మూడు గంటలు పడుతుంది. చల్లారాక బూడిద దులిపి కుంచెతో తుడవండి. కడగకూడదు. చిల్లుల మట్టి నీళ్ళు పీల్చేస్తుంది. తడిసినదాన్ని అలాగే వెలిగిస్తే లోపలి నీరు ఆవిరై పొరలు పొరలుగా ఊడుతుంది. వానలో తడిసిందంటే నీడలో వారం ఆరబెట్టి, గుప్పెడు బొగ్గుతో మెల్లగా వెచ్చబెట్టాలి. కొత్త పొయ్యికి మొదటిసారి కూడా ఇదే పద్ధతి. వెంట్రుకంత బీటలు మామూలే, చుట్టూ ఉన్న రేకు పట్టీలు వాటికోసమే.

ఇప్పుడు చిమ్నీ దగ్గరికి రండి, తోలు చేతి తొడుగు వేసుకున్నవాళ్ళే ముందుకు. పై ముక్కల అంచులు తెల్లబడ్డాయి, పొగ లేదు. పొయ్యిలోకి వంచుతున్నాను. సగం వైపు రెండు వరసలు, మిగతా సగంలో ఒకటే వరస. మాడేలా ఉన్నది బలహీనమైన వైపు జరపడానికి చోటు ఉండాలి. కిటికీ మూడో వంతు తెరిచి ఉంచాం. బొగ్గుకూ జాలీకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. జాలీ ఎత్తున అరచెయ్యి పట్టి చూడండి, మూడు లెక్కపెట్టేలోపు లాగేసుకోవాలి. లాగేసుకున్నారు కదా. అదిగో, ఎర్రటి కణికల మీద పలచగా బూడిద పొర పట్టింది. మనం రోజూ సామెతగా అనే నివురు గప్పిన నిప్పు ఇదే. చేపలు తీసుకురండి.