పాత భవనాన్ని కాపాడాలనుకుంటున్నారా? సిమెంట్ బస్తా బయటే పెట్టండి

[తెర మీద: పెచ్చులూడిన పాత గోడ, బాగా దగ్గరగా. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది]

ఈ తెల్ల పొడి చూశారా? ఇది ఉప్పు. గోడలో ఇరుక్కున్న చెమ్మ ఎక్కడో ఒకచోట బయటపడి ఆరిపోతూ వదిలేసిన ఉప్పు. ఇలాంటి గోడల వెనక చాలాసార్లు మంచి మనసే ఉంటుంది. నలుగురు వాలంటీర్లు కలిసి, చందాలు వేసుకుని, ఒక సెలవు రోజున సిమెంట్ తెచ్చి పగుళ్లన్నీ శ్రద్ధగా పూడ్చేస్తారు. కొన్ని వానాకాలాలు గడిచాక చూస్తే సిమెంట్ చెక్కుచెదరదు, దాని పక్కనున్న ఇటుక మాత్రం పొడిపొడిగా రాలుతుంటుంది.

ఎందుకిలా?

పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి, అంటే ఇప్పుడు మనం బస్తాల్లో కొనే మామూలు సిమెంట్ రకానికి, పేటెంట్ వచ్చింది 1824లో. అంతకుముందు కట్టినవే కాదు, ఆ తర్వాత చాలా ఏళ్లపాటు కట్టినవి కూడా ఎక్కువగా సున్నంతోనో మట్టితోనో లేచినవే. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది, మిగిలినదాని మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి మెత్తబడుతుంది, దాన్ని ఇసుకతో కలిపి గోడలో పెడితే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లమెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిలా మారుతుంది. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని విషయం ఇది!

ఆ సున్నం చెమ్మని బయటికి పోనిస్తుంది, గోడ కాస్త కదిలినా తట్టుకుంటుంది. సిమెంట్ అలా కాదు, పాత ఇటుక కంటే గట్టిది, చెమ్మకి దారి మూసేస్తుంది. దాంతో చెమ్మ, ఉప్పు, ఒత్తిడి అన్నీ ఇటుక మీదే పడతాయి. అందుకే ఇటుకల మధ్య పెట్టే అతుకు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అరిగితే అతుకే అరగాలి, దాన్ని మళ్లీ పెట్టుకోవచ్చు, ఆ ఇటుకని మాత్రం మళ్లీ తేలేం.

[తెర మీద: వాన. చూరు నుంచి నీళ్లు గోడ మీదికి కారుతున్నాయి]

అయితే సున్నం కలపడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వాన పడుతుండగా గొడుగు పట్టుకుని భవనం చుట్టూ ఒకసారి తిరగండి. ఏ తూము పూడిపోయింది, ఏ పెంకు జారింది, నీళ్లు ఎక్కడ గోడ వెంబడి దిగుతున్నాయి, అన్నీ ఫోన్‌లో వీడియో తీయండి. ఎండలో పది సార్లు చూసినా దొరకనిది వానలో ఒక్కసారికే దొరుకుతుంది. 1877లో రచయిత, డిజైనర్ విలియం మోరిస్, ఆయన మిత్రులు ఇంగ్లాండులో పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టినప్పుడు గట్టిగా చెప్పింది ఇదే, రోజువారీ సంరక్షణతోనే శిథిలం కాకుండా ఆపండి అని. తూములో ఆకులు తీసే పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ నా దృష్టిలో వాలంటీర్లు చేయగలిగిన అతి గొప్ప పని అదే.

గోడ పగిలిందా? వెంటనే పూడ్చకండి. పగులుకి అటూ ఇటూ పెన్సిల్‌తో చిన్న గుర్తులు పెట్టి, పక్కన తేదీ వేసి, నెలకోసారి స్కేలుతో కొలవండి. దూరం పెరుగుతోందంటే పునాదిలోనో పైకప్పులోనో ఏదో కదులుతోంది, అది ఇంజనీరు చూడాల్సిన పని. గోడలో మొలిచిన మొక్కని కూడా లాగకండి, వేరుతో పాటు రాళ్లూ ఊడొస్తాయి. ముందు మొదలు దగ్గర కోసేయండి. ఇక యజమాని అనుమతి, రక్షిత కట్టడమైతే సంబంధిత శాఖ అనుమతి లేకుండా దేని మీదా చెయ్యి వేయకండి.

[తెర మీద: చెక్కిన దూలం, ఒక చివర విరిగిపోయి ఉంది]

ఈ విరిగిన ముక్క ఎలా ఉండేదో తెలియకపోతే? అలాగే వదిలేయండి. పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి, వెనిస్ ఒప్పందం కూడా ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలంటుంది.

కానీ ఊహించుకునే ముందు, చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. పెద్దవాళ్ల ముందు పాత ఫోటో ఒకటి పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, ముందు తేదీ, వాళ్ల పేరు చెప్పించి, "ఈ కిటికీ వెనక గదిలో ఏం జరిగేదండీ?" అని అడిగి, ఇక మీరు మధ్యలో మాట్లాడకండి.