మేయర్ గారు లెక్క చెప్పే రోజు

నమస్కారం. అమెరికాలో మీ పిల్లలో, చుట్టాలో ఉంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక మాట అడిగి చూడండి, మీ ఊరి మేయర్ ఏడాదికోసారి ఏదో ప్రసంగం చేస్తారటగా అని. దాన్ని వాళ్లు 'స్టేట్ ఆఫ్ ది సిటీ' అంటారు. పోయినేడు ఏం చేశాం, ఏది చేయలేకపోయాం, వచ్చే ఏడు ముందుగా ఏ పని పట్టుకుంటాం అని జనం ముందు నిలబడి లెక్క అప్పజెప్పడం అన్నమాట. డాలస్ పక్కన మన తెలుగువాళ్లు బాగా ఉండే ఫ్రిస్కోలోనూ ఇది జరుగుతుంది. న్యూయార్క్‌లో అయితే మేయర్ ఇష్టం మీద వదిలేయలేదు, ఏడాదికి ఒక్కసారైనా నగరం ఆర్థిక పరిస్థితి, పాలన గురించి కౌన్సిల్‌కు చెప్పి తీరాలని నగర చార్టర్‌లోనే, అంటే ఆ నగరానికి రాజ్యాంగం లాంటి దానిలోనే, రాసుకున్నారు.

అందులో సొంత డబ్బా ఉండదా అంటే ఉంటుంది, బోలెడంత ఉంటుంది. అయినా ఈ పద్ధతి మీద నాకు గురి కుదిరింది డెట్రాయిట్ సంగతి తెలిశాకే.

1950లో అక్కడ సుమారు 18.5 లక్షల జనం, కార్ల కంపెనీలతో కళకళలాడిన ఊరు. అలాంటిది 2013 జూలైలో దివాలా పిటిషన్ వేసింది, అమెరికాలో అప్పటిదాకా ఏ నగరమూ అంత పెద్ద మొత్తంలో దివాలా తీయలేదు. పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్లు వచ్చేసరికి సగటున 58 నిమిషాలు పట్టేదట. వీధి దీపాల్లో దాదాపు 40 శాతం వెలిగేవే కావు, తీగల్లోని రాగి కోసం దొంగలు వాటిని కోసుకుపోయేవాళ్లు, దాంతో పేటలకు పేటలే చీకట్లో ఉండేవి.

2014 జనవరిలో మైక్ డగ్గన్ అక్కడ మేయర్ అయ్యారు. పేరుకి మేయరే గానీ పైన గవర్నర్ పెట్టిన ఎమర్జెన్సీ మేనేజర్ ఉన్నాడు, పోలీసు శాఖ, ఆర్థిక వ్యవహారాలు ఆ మేనేజర్ చేతిలోనే ఉండిపోయాయి. నా చేతిలో ఏముంది అని డగ్గన్ కూర్చోలేదు, ఆ ఫిబ్రవరిలోనే మొదటి వార్షిక ప్రసంగం చేశారు. 2016 డిసెంబరుకల్లా నగరం మొత్తానికి 65 వేల కొత్త ఎల్‌ఈడీ దీపాలు పూర్తయ్యాయి, తీగలు కూడా ఈసారి అల్యూమినియంవి వేశారు, కోసుకుపోయినా దొంగకు పెద్దగా గిట్టదు కదా. తక్కువ ధరకు కార్ల ఇన్సూరెన్స్ నగరం తరఫునే ఇప్పిస్తానన్న మాట మాత్రం నెగ్గలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకోటి. ఊళ్లో జనాభా పెరుగుతోందా తగ్గుతోందా, మేయర్‌ను కొలవాల్సింది దానితోనే అని ఆయన మొదట్లోనే చెప్పేశారు. తర్వాత ఏళ్ల తరబడి ప్రభుత్వ అంచనాల్లో ఆ అంకె తగ్గుతూనే వచ్చింది, ఆ లెక్కలు తప్పని కోర్టుకు కూడా వెళ్లారు. చివరికి 2024 మేలో వచ్చిన అంచనాల్లో 1,852 మంది పెరిగినట్టు తేలింది, 1957 తర్వాత అదే మొదటి పెరుగుదల. పదేళ్ల కష్టానికి రెండు వేలు కూడా కాదు, కానీ కొలబద్ద ఏదో అందరికీ ముందే తెలుసు కాబట్టి ఆ చిన్న అంకెకు కూడా విలువ వచ్చింది.

చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చే ఏడు కూడా ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్ మేయర్ కరెన్ బాస్, దాదాపు వంద కోట్ల డాలర్ల లోటును పూడ్చే బడ్జెట్ పెడుతూ, 1,647 ఉద్యోగాలు తీసేయాలన్న ప్రతిపాదనతోనే ఆ ఏటి ప్రసంగానికి నిలబడ్డారు.

మరి మన దగ్గరో? మన కార్పొరేషన్లలో పాలన పగ్గాలు కమిషనర్ చేతిలో ఉంటాయి, అది నిజమే. విశాఖపట్నం లాంటి మహానగరానికే 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేదు, ఇక లెక్క ఎవరిని అడుగుతాం? కౌన్సిల్ ఉన్నచోట బడ్జెట్ సమావేశం అవుతుంది, కోట్లలో అంకెలు పేపర్లో వస్తాయి, మన వీధికి ఏం ఒరిగిందో మాత్రం అందులో దొరకదు. అధికారం తక్కువైనా సరే, ఏడాదికోసారి మేయర్ ఒక కల్యాణ మండపంలో కూర్చుని, పోయినేడు ఇన్ని దీపాలు పాడయ్యాయి, ఇన్ని బాగుచేశాం, ఇన్ని మిగిలాయి అని డివిజన్ల వారీగా చదివి వినిపిస్తే నేను పనులన్నీ మానుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంటాను.

మా సందు మొదట్లో ఒక దీపం ఉంది. వర్షాకాలం మొదట్లో ఆరిపోయింది, ఇప్పటికీ వెలగలేదు. ఎదురింటి పిన్నిగారు తెల్లారకముందే పాల ప్యాకెట్ కోసం సెల్‌ఫోన్ లైటు వేసుకుని, మ్యాన్‌హోల్ మూత ఎక్కడుందో చూసుకుంటూ నడుస్తారు. ఆ స్తంభం మీద తెల్ల పెయింటుతో నంబరు రాసి ఉంది. మేయర్ గారు ఎప్పుడైనా అడిగితే చెబుదామని దాన్ని డైరీలో రాసి పెట్టుకున్నాను.