రాబందులు తగ్గితే ఆస్పత్రిలో రద్దీ ఎందుకు పెరిగింది?

దృశ్యం: విశాఖ ఫిషింగ్ హార్బర్. బోట్ల మీద చక్కర్లు కొడుతున్న గద్దలు.

నమస్కారం. మీరు చూస్తున్నవి గద్దలు. బోట్లు ఒడ్డుకు చేరే వేళకి హార్బర్ మీద ఇవి తిరుగుతూనే ఉంటాయి. రాబందులు మాత్రం కనిపించవు. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. చిన్నప్పుడు ఊరి చివర చచ్చిన గొడ్డు చుట్టూ గుంపుగా వాలిన రాబందుల్ని చూశామని చాలామంది చెబుతారు. ఇప్పటి పిల్లలకి రాబందంటే రామాయణంలో జటాయువే.

సరే, ఒక పక్షి కనిపించకుండా పోయింది. మనుషులకేంటి నష్టం? ఈ ప్రశ్నకి 2024లో గట్టి జవాబు వచ్చింది. చెప్పినవాళ్లు ఇద్దరు ఆర్థికవేత్తలు. ఒకరు షికాగో యూనివర్సిటీకి చెందిన ఎయాల్ ఫ్రాంక్, ఇంకొకరు వార్విక్ యూనివర్సిటీకి చెందిన అనంత్ సుదర్శన్. అమెరికన్ ఎకనమిక్ రివ్యూ పత్రికలో అచ్చయిన వాళ్ల పరిశోధన ప్రకారం, రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో అదనంగా దాదాపు 5 లక్షల మంది చనిపోయారు.

తెరపై: 5 లక్షల మరణాలు, 2000–2005

ఇంత పెద్ద అంకె వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. రావాలి కూడా. అందుకే ఆ లెక్క ఎలా తేలిందో కాస్త నిదానంగా చూద్దాం.

దృశ్యం: మందుల షాపు అరలు. ఒక నొప్పి మాత్రల స్ట్రిప్.

కథ మందుల షాపులో మొదలవుతుంది. డైక్లోఫెనాక్ పేరు వినే ఉంటారు. నడుం నొప్పికీ మోకాళ్ల నొప్పికీ డాక్టర్లు రాసే మందు. దాని పేటెంట్ గడువు తీరాక చాలా కంపెనీలు చవగ్గా తయారు చెయ్యడం మొదలుపెట్టాయి. 1994 నుంచి పశువులకీ విరివిగా వాడారు. కాలు వాచిన ఎద్దుకి, పొదుగు వాచిన గేదెకి ఒక సూది వేస్తే ఉపశమనం. రైతు తన పశువు బాధ చూడలేక వేయించిన మందు అది. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఆ మందు పడిన కొద్ది రోజుల్లోనే పశువు చనిపోతే, దాని ఒంట్లో మందు ఇంకా మిగిలి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకి కిడ్నీలు పాడవుతాయి. రక్తంలోని యూరిక్ యాసిడ్ బయటికి పోలేక లోపలి అవయవాల మీద తెల్లగా, సుద్దలా పేరుకుంటుంది. కొన్ని రోజుల్లోనే పక్షి చచ్చిపోతుంది.

ఈ సంగతి తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో రాబందులు వేగంగా తగ్గిపోతున్నాయని 1990ల చివర్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గుర్తించారు. అందరూ ముందు ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందుల్ని కోసి పరీక్షించి, కారణం డైక్లోఫెనాక్ అని నేచర్ పత్రికలో రుజువు చేసింది.

తెల్లవీపు రాబందు లెక్క ఒక్కటి చెప్తాను. 1992లో వెయ్యి పక్షులు ఉన్నాయనుకుంటే, 2007 నాటికి మిగిలింది ఒక్కటి. 99.9 శాతం పోయాయి. పొడుగు ముక్కు రాబందులు, సన్నముక్కు రాబందులు కలిపి చూస్తే దాదాపు 97 శాతం తగ్గాయి. ప్రపంచంలో ఇంకే పక్షి జాతీ ఇంత వేగంగా తగ్గిన దాఖలాలు దాదాపు లేవు.

అన్ని పశువులకీ ఈ మందు వెయ్యలేదు కదా, మరి ఇన్ని పక్షులు ఎలా పోయాయి? నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ ప్రశ్నకి దొరికిన జవాబే. ప్రతి వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువ వాటిలో ప్రాణం తీసే మోతాదు ఉన్నా చాలని లెక్కల్లో తేలింది. ఒక్క గొడ్డు మీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి. మర్నాడు ఇంకో కళేబరం, ఆ తర్వాత మరొకటి. ఎప్పుడో ఒకసారి మందున్న మాంసం తగలక తప్పదు. పైగా రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పిల్ల పెద్దదై మళ్లీ గుడ్డు పెట్టడానికి నాలుగైదేళ్లు కావాలి. ఇంత నష్టాన్ని ఆ జాతి పూడ్చుకోలేకపోయింది.

దృశ్యం: యానిమేషన్. ఊరి చివర ఒక కళేబరం. రాబందుల బొమ్మలు ఒక్కొక్కటిగా మాయమై, వాటి చోట కుక్కలు కనిపిస్తాయి.

మన దేశంలో పశుసంపద 50 కోట్లు దాటుతుంది. చచ్చిన గొడ్డును ఊరి బయట పడేసి రావడం తరతరాల అలవాటు. రాబందుల గుంపు గంటలోపే ఎముకలు మిగిల్చి ఎగిరిపోయేది. వాటి కడుపులో ఆమ్లం చాలా ఘాటుగా ఉంటుంది. మనుషుల్ని చంపే సూక్ష్మజీవులు కూడా చాలావరకు అక్కడ బతకవు.

రాబందులు లేకపోయేసరికి ఆ తిండంతా కుక్కలకీ ఎలుకలకీ దక్కింది. కుక్కలు పెరిగాయి, కుక్కకాట్లు పెరిగాయి. రేబిస్ వ్యాక్సిన్ అమ్మకాలు పెరిగాయి. కుళ్లిన కళేబరాల్లోంచి కారింది గెడ్డల్లో, చెరువుల్లో కలిసింది. ఫ్రాంక్, సుదర్శన్ నీళ్ల నాణ్యత రికార్డులు కూడా తీసి చూశారు. ఒకప్పుడు రాబందులు ఉన్న జిల్లాల్లో నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది, మలంలో ఉండే బాక్టీరియా పెరిగింది.

ఇక లెక్క సంగతి. రాబందులకి అనువైన జిల్లాలు కొన్ని, మొదటి నుంచీ రాబందులు పెద్దగా లేని జిల్లాలు కొన్ని. పక్షుల ఆవాసాల మ్యాపులు చూసి దేశంలోని జిల్లాల్ని ఇలా విడదీశారు. ఈ మందు రాకముందు రెండు రకాల జిల్లాల్లోనూ మరణాల రేటు ఇంచుమించు ఒకేలా నడిచింది. 1994 తర్వాత దారులు విడిపోయాయి. రాబందులు ఉండాల్సిన జిల్లాల్లో మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. రెండోరకం జిల్లాల్లో అలా జరగలేదు. ఆస్పత్రుల కొరతో, కరువో కారణమైతే రెండు చోట్లా కనిపించాలి కదా. ఈ తేడాని జనాభాతో లెక్కవేస్తే ఏడాదికి దాదాపు లక్ష అదనపు మరణాలు. డబ్బుల్లో చెప్పాలంటే ఏటా 6,900 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఇవన్నీ గణాంకాలతో వేసిన అంచనాలు. ఫలానా మనిషి రాబందు లేకపోవడం వల్లే చనిపోయాడని ఏ ఆస్పత్రి రికార్డులోనూ ఉండదు.

ఇంకో మాట. ఈ ప్రభావం ఎక్కువగా కనిపించింది పల్లెల్లో కాదు, పశువులు బాగా ఉన్న పట్టణ ప్రాంతాల్లో. జనం ఎక్కువ, కళేబరాలు పడేసే చోటు ఊరికి దగ్గర. విశాఖ లాంటి ఊరు పెందుర్తి, ఆనందపురం వైపు ఎంత పెరిగిందో మీకు తెలుసు. ఒకప్పటి ఊరి చివరలన్నీ ఇప్పుడు కాలనీలే.

దృశ్యం: బొర్రా గుహల లోపల, పైకప్పుకి వేలాడుతున్న గబ్బిలాలు.

ఇదే ఫ్రాంక్ 2024లోనే సైన్స్ పత్రికలో గబ్బిలాల మీద ఇంకో పరిశోధన అచ్చువేశారు. అరకు రైలెక్కి బొర్రా గుహలకి వెళ్లిన వాళ్లు గబ్బిలాల్ని చూసే ఉంటారు. కానీ ఈ పరిశోధన జరిగింది అమెరికాలో. అక్కడి గబ్బిలాలకి 2006 నుంచి ఒక ఫంగస్ జబ్బు సోకుతోంది. చలికాలం నిద్రలో ఉండగా ముక్కు మీద తెల్లగా బూజు పడుతుంది, గుహల్లో కుప్పలుగా చచ్చిపోతాయి. పంటల మీద పురుగుల్ని రాత్రంతా తినేవి ఆ గబ్బిలాలే. అవి పోయిన కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, రైతులు పురుగుమందు వాడకం సగటున 31 శాతం పెంచారు. అదే కౌంటీల్లో, ప్రమాదాల్లాంటివి పక్కన పెడితే, శిశు మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయి. సంఖ్యలో చెప్తే 1,300 మందికి పైగా పసిపిల్లలు. జబ్బు ఒక్కో కౌంటీకి ఒక్కో ఏడాది చేరింది కాబట్టి ముందూ వెనకా పోల్చి చూడటం వీలైంది.

కప్పల మీద కూడా ఒక పరిశోధన ఉంది. 2022లో వచ్చింది. కోస్టారికా, పనామా దేశాల్లో ఒక ఫంగస్ వల్ల కప్పలు పోయిన ప్రాంతాల్లో ఆ తర్వాత మలేరియా పెరిగింది. ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో వెయ్యి మందికి ఏటా ఒక కేసు చొప్పున అదనం. కప్పలూ వాటి పిల్లలూ దోమల్నీ దోమ పిల్లల్నీ తింటాయి కాబట్టి, అవి పోతే దోమలు పెరుగుతాయన్నది పరిశోధకుల వివరణ. పాడేరు ఏజెన్సీలో మలేరియా ఎంత బాధ పెట్టిందో తెలిసిన మనకి ఇది దూరదేశపు వార్తలా అనిపించదు.

వైద్యం, జీవశాస్త్రం, పర్యావరణం అని మనం కాలేజీల్లో మూడు డిపార్ట్‌మెంట్లు పెట్టుకున్నాం. ఈ మూడు పరిశోధనల్నీ అలా విడదీసి చదవలేం. నాకు వీటి మీద ఇంత ఇష్టం అందుకే.

దృశ్యం: కుళాయి కింద సబ్బుతో కాలు కడుగుతున్న చెయ్యి.

ఇక మనం చెయ్యగలిగింది. కుక్క కరిస్తే ఆ క్షణమే కుళాయి నీళ్ల కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు ఏవీ పెట్టొద్దు. అదే రోజు విశాఖలోని కేజీహెచ్ ఆస్పత్రికి గానీ దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రికి గానీ వెళ్లండి. కాటుకి చర్మం తెగి రక్తం వస్తే వ్యాక్సిన్‌తో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్, కూడా కావాలి. చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చెయ్యండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే సరిగ్గా వ్యాక్సిన్ వేయించుకుంటే ప్రాణాలు కాపాడుకోవచ్చు.

పశువులున్న వాళ్లకి ఇంకో విషయం. పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2006లోనే నిషేధించింది. అయినా మనుషుల కోసం చేసిన 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు పశువులకి వాడుతూనే వచ్చారు. అందుకని 2015లో మనుషుల ఇంజెక్షన్‌ని 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకే పరిమితం చేశారు. 2023లో అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అనే నొప్పి మందులు కూడా పశువులకి వాడకూడదన్నారు. అసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఆ తర్వాత నిమెసులైడ్ కూడా ఈ జాబితాలో చేరింది.

హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచి అడవుల్లోకి వదులుతున్నారు. అలా వదిలిన పక్షి తినే మాంసంలో ఈ మందులు ఉంటే, అన్నేళ్ల శ్రమ ఒక్క పూటలో పోతుంది.

తెరపై: మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్

ఈ రెండు మందులూ రాబందులకి హాని చెయ్యవని పరీక్షల్లో తేలింది. మెలాక్సికామ్ ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతుంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. మీ ఆవుకో గేదెకో వాపు వస్తే పశువుల డాక్టర్‌ని అడగండి: "మెలాక్సికామ్ వెయ్యొచ్చా సార్?" సూది వేసే ముందు సీసా మీద పేరు ఒకసారి చదవండి. మందు పడ్డాక వారం పది రోజుల్లోపు పశువు చనిపోతే మాత్రం గెడ్డలోనో ఊరి బయటో పడెయ్యకండి, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.