డిష్‌లో నెగ్గిన మందు, డిష్‌లో ఓడిన మందు

శ్రోతలకు నమస్కారం.

తార్నాక దగ్గర ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లు పని చేశాను. పెళ్లిళ్లలో చుట్టాలు "ఏం పరిశోధన చేస్తావయ్యా?" అని అడిగితే రెండు ముక్కలు చెప్పేవాణ్ణి. ఒకటి, రక్తం అందక ఎండిపోతున్న కాలికి కొత్త రక్తనాళాలు మొలిపించే జీన్ థెరపీ. రెండోది, ఒంట్లో చేరిన పురుగుల్ని చంపే మందులు. "దానికీ దీనికీ పొంతనేమిటి?" అనేవాళ్లు. నిజం చెప్పాలంటే చాలాకాలం నాకూ తెలియదు. ఏ ప్రాజెక్టుకు డబ్బొస్తే ఆ పని చేసేవాణ్ణి.

ముందు నాళాల సంగతి చెబుతాను.

మా పని పొద్దున్నే ప్రసూతి ఆసుపత్రిలో మొదలయ్యేది. బిడ్డ పుట్టాక పారేసే బొడ్డుతాడు మాకు కావాలి. తల్లి ఒప్పుకుని సంతకం పెడితే, తాడుని ఐస్ పెట్టిన డబ్బాలో వేసుకుని స్కూటర్ మీద వచ్చేవాణ్ణి. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. ఆ సిరని సెలైన్‌తో కడిగి, ఒక కొస క్లిప్ పెట్టి, లోపల ఎంజైమ్ నింపి, రెండో కొస కూడా బిగించి ఒంటి వేడిలో ఓ పావుగంట ఉంచాలి. ఆ తర్వాత కడిగితే నాళం లోపలి పొర కణాలు ఊడి వస్తాయి. రెండు మూడు రోజులకి అవి డిష్ (కణాల్ని పెంచే చిన్న పళ్లెం) అడుగున నాపరాళ్లు పరిచినట్టు ఒకదాన్ని ఒకటి ఆనుకుని పరుచుకుంటాయి.

ఈ కణాల్ని జెల్ మీద వేసి, వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కలిపి పెడితే సాయంత్రానికి వల అల్లుకుంటాయి. మొదటిసారి ఆ వల చూసిన రోజు రాత్రి తొమ్మిదైనా మైక్రోస్కోప్ దగ్గర్నుంచి లేవలేదు. ఇక మనిషి కాలు బాగుచేయడం ఎంతసేపు అనిపించింది. ఒక సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలు తిని వచ్చేసరికి ఇంక్యుబేటర్‌కి గ్యాస్ ఇచ్చే సిలిండర్ అయిపోయి, నాలుగు నెలల పని మొత్తం చచ్చి తేలింది. సిలిండర్ చూసుకోవాల్సింది నేనే. కాబట్టి ఎవర్నీ తిట్టే వీలు కూడా లేదు.

వీఈజీఎఫ్ ఒంట్లో సహజంగా తయారయ్యేదే. ప్రాణవాయువు అందని కండ "ఇటు నాళాలు పంపండి" అని వేసే కేక లాంటిది. ప్రోటీన్‌ని నేరుగా ఎక్కిస్తే రక్తంలో ఎక్కువసేపు నిలవదు. అందుకే ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జీన్‌నే కాలిలోకి పంపితే, అక్కడి కణాలే కొన్నాళ్ల పాటు దాన్ని తయారుచేసుకుంటాయి. బోస్టన్‌లో జెఫ్రీ ఇస్నర్ బృందం 1996లో ఒక 71 ఏళ్ల ఆవిడ సంగతి ప్రచురించింది. ఆమె కాలి ధమనిలోకి ఈ జీన్ పంపితే కొన్ని వారాలకి ఎక్స్‌రే చిత్రాల్లో కొత్త నాళాలు కనపడ్డాయి. దాంతోపాటు కాలు వాచింది. ఈ వాపు మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఎఫ్‌జీఎఫ్ అనే, నాళాలు మొలిపించే ఇంకో జీన్‌తో చిన్న పరీక్ష జరిగింది. కాళ్లు తీసేయాల్సి రావడం బాగా తగ్గినట్టు కనపడింది. ఆ ఊపులో 525 మందితో పెద్ద పరీక్ష పెట్టారు. కొందరికి జీన్, కొందరికి ఉత్త ఇంజెక్షన్. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకీ తెలియదు. 2011లో ఫలితం వచ్చింది. ఏడాది తిరిగేసరికి కాలు పోయినవాళ్లూ, ప్రాణం పోయినవాళ్లూ కలిపి ఇటు దాదాపు మూడో వంతు, అటూ దాదాపు మూడో వంతే. జపాన్‌లో ఇదే కోవ మందు ఒకటి 2019లో షరతులతో అనుమతి తెచ్చుకుంది, 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. డిష్‌లో అంత అందంగా అల్లుకున్న వల, షుగర్‌తోనో బీడీలతోనో నాళాలు పూడిపోయిన మనిషి కాలిలో అల్లుకోలేదు.

ఇక పురుగుల సంగతి.

చదువుకునే రోజుల్లో ఫైలేరియా సర్వే వాళ్ల వెంట మూసీ పక్క బస్తీలకు వెళ్లాను. బోదకాలు తెచ్చే ఈ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రి వేళకి బయటి రక్తంలోకి వస్తాయి. అందుకని రాత్రి పూటే వేలికి సూది గుచ్చి చుక్క తీయాలి. ఒక ముసలమ్మ తలుపు సగం తీసి, "పగలంత పండుకొని రాత్రి సూదులు పట్టుకొని వస్తరా బిడ్డా?" అని గట్టిగానే అడిగింది. తిడుతూనే కూర్చుని వేలు చాపింది. ఆమె ఎడమ కాలు మోకాలి కింద స్తంభంలా ఉంది.

ఈ పురుగు మీద పనిచేసే పాత మందు డీఈసీ. అది వచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగం నుంచి, 1947లో. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఈ మందుని ఒకసారి డిష్‌లో పరీక్షించాను. ఎలుక రక్తంలోంచి తీసిన పురుగు పిల్లలు. మనిషి రక్తంలో ఉండే మోతాదే కలిపాను. గంట చూశాను, మర్నాడు చూశాను. హాయిగా ఈదుతూనే ఉన్నాయి! మందు పాతబడిందేమోనని టెన్షన్. మా సీనియర్ సార్ నవ్వి, "అదే మందు ఎలుకకి ఇచ్చి చూడవయ్యా" అన్నారు. ఇస్తే కాసేపటికే రక్తంలో పురుగు పిల్లలు కరువయ్యాయి. డీఈసీ తనంతట తాను చంపేది తక్కువ. ఒంట్లోని రక్షణ కణాలు వాటిని పట్టుకునేలా చేస్తుంది. లెడర్లీ వాళ్లు పురుగు పట్టిన కాటన్ ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించారు కాబట్టి దొరికింది. ఒక్క డిష్‌నే నమ్ముకుని ఉంటే ఈ మందు చెత్తబుట్టలోకి పోయేది. నాకైతే ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే గుబులే.

ఇప్పుడు జీన్ పంపాక వచ్చిన ఆ కాలి వాపు దగ్గరికి వస్తాను. బోదకాలులో పురుగులు కాపురముండేది లింఫ్ నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలో కలిపే కాలవల్లో. ఆ రోగుల రక్తంలో వీఈజీఎఫ్-సి అనే ప్రోటీన్ ఎక్కువగా కనపడింది. వీఈజీఎఫ్‌కి తోబుట్టువు లాంటిది, లింఫ్ నాళాల్ని పెంచేది. మేం సూదితో పంపాలని తంటాలు పడ్డ కుటుంబమే ఇక్కడ పిలవకుండా వచ్చి కూర్చుంది. పురుగు లోపల, దానికి ఆసరాగా, వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్ దాన్ని చంపుతుంది. ఘనాలో ఈ మాత్ర ఆరు వారాలు ఇస్తే వీఈజీఎఫ్-సి తగ్గిందనీ, ఉబ్బిన నాళాలు కాస్త సర్దుకున్నాయనీ 2006లో తేల్చారు. నా రెండు పనులూ ఒకే కాలిలో కలిశాయని అప్పుడు అర్థమైంది.

ఆ సంబరమూ నిలవలేదు. ఈమధ్య ఇండియాలోనూ ఆఫ్రికాలోని మాలి దేశంలోనూ జరిగిన పరీక్షల్లో డాక్సీసైక్లిన్ తీసుకున్నవాళ్లకీ ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇద్దరికీ నేర్పింది మాత్రం ఒకటే: రోజూ సబ్బుతో కాలు కడగడం, వేళ్ల సందుల్లో గుడ్డ పెట్టి తడి లేకుండా తుడవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం.

బస్తీ ముసలమ్మ స్లైడ్ మర్నాడు నేనే చూశాను. పురుగు లేదు. కాలు అంతగా వాచేసరికి చాలామంది రక్తంలో పురుగు పిల్లలు కనపడవు. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా "లేదు" అని రాసి, పక్క స్లైడ్ తీసుకున్నాను. కాలు ఎలా కడుక్కోవాలో ఆమెకి చెప్పే పని ఆ రిజిస్టర్‌లో ఏ గడిలోనూ లేదు.