కరెంటు పోయే ఊళ్లో రీఛార్జి సెల్లు: ముందు ఛార్జరు చూడండి

[తెర మీద: బల్ల మీద బీపీ మిషను. వెనక మూత తీసి ఉంది. ఒక సెల్లు కొసన తెల్లటి పొడి.]

ఈ పొడి చూశారా? మా అమ్మ బీపీ మిషనులో నెలల తరబడి అలాగే ఉండిపోయిన ఆల్కలైన్ సెల్లు కారిపోయి, స్ప్రింగుకి ఇలా పట్టేసింది. మిషను ఆన్ కావడం లేదు. దీన్ని చివర్లో బాగుచేద్దాం.

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇటు మేము, ఒడిశాలో గజపతి జిల్లా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. టార్చిలైటు ఉంది గానీ సెల్లు దొరకలేదు. ఆ తర్వాతే రీఛార్జి సెల్లకు మారాను. కానీ అప్పుడు సెల్లు మంచివి ఏరుకుని, ఛార్జరు మాత్రం చవకది పట్టుకొచ్చాను. మీరు అలా చేయకూడదనే ఈ వీడియో.

[తెర మీద: రెండు సైజుల సెల్లు పక్కపక్కనే.]

మనం పెన్సిల్ సెల్లు అనేది డబుల్ ఏ. రిమోట్లలో వచ్చే సన్నది ట్రిపుల్ ఏ. రీఛార్జిలో ఇంటికి పనికొచ్చే రకం నికెల్ మెటల్ హైడ్రైడ్. సెల్లు మీద ఎన్ఐఎంహెచ్ అని ఉంటుంది. వోల్టేజి 1.2 అని చూసి చాలామంది వెనక్కి పెట్టేస్తారు, మామూలు సెల్లు 1.5 కదా అని. ఆ 1.5 కొత్తలోనే. వాడేకొద్దీ దిగిపోతూ ఉంటుంది. ఇది మాత్రం ఛార్జి చాలావరకు అయిపోయేదాకా 1.2 దగ్గరే నిలబడుతుంది. అందుకే టార్చిలైటు, పిల్లల బొమ్మలు, బీపీ మిషను, వైర్‌లెస్ మౌసు అన్నీ దీనితో బాగా పనిచేస్తాయి. గోడ గడియారానికి మాత్రం వద్దు. ఏడాది పైన నడిచే దానికి మామూలు సెల్లే చాలు.

ప్యాకెట్టు మీద "రెడీ టు యూజ్" అనో "ప్రీ ఛార్జ్‌డ్" అనో ఉందా చూడండి. పాత రకం సెల్లు వాడకపోయినా నెల తిరిగేసరికి ఛార్జి బాగా పోగొట్టుకునేవి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే రీఛార్జి సెల్లు తెచ్చాక ఆ బాధ తగ్గింది. ఏడాది పక్కన పెట్టినా ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. తుపాను రోజుల కోసం దాచుకునేవాళ్లకు కావలసింది ఇదే.

[తెర మీద: బంగారం తూచే చిన్న త్రాసు. మంచి సెల్లు పెడితే 27 గ్రాములు. సంతలో కొన్నది పెడితే 16.]

ఇప్పుడు ఇది చూడండి. రెండూ డబుల్ ఏనే. తేలికగా ఉన్నదాని మీద 3800 ఎంఏహెచ్ అని ఎంత పెద్దగా రాశారో! ఎంఏహెచ్ అంటే సెల్లు ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే లెక్క. ఈ రకంలో, ఈ సైజులో నిజంగా వచ్చేది 1900 నుంచి 2700 లోపు. అంతకు మించి రాసి ఉంటే కొనకండి. 2000 ఉన్నది తీసుకుంటే చాలు. 2500వి ఒక్కసారికి ఎక్కువ సేపు వస్తాయి గానీ, మొత్తం మీద తక్కువ సార్లే ఛార్జి అవుతాయి.

[తెర మీద: రెండు ఛార్జర్లు.]

ఇక అసలు సంగతి. ఈ నల్లది నా మొదటి ఛార్జరు. దీనికి సెల్లు నిండిందో లేదో తెలియదు. ఏడు గంటలు లెక్కపెట్టి ఆపేస్తుంది, అంతే. మన దగ్గర వేసవిలో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు మూడుసార్లు పోతుంది, మూడుసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇది మళ్లీ మొదటి నుంచి ఏడు గంటలు లెక్కపెడుతుంది. నిండిన సెల్లలోకి ఇంకా ఇంకా తోస్తుంది. ఒకరోజు పొద్దున్న తీయబోతే చెయ్యి చుర్రుమంది. కొన్ని నెలలకే ఆ నాలుగు సెల్లూ పాడైపోయాయి. మంచి సెల్లు, చాలా బాధనిపించింది.

ఈ రెండోది సెల్లును చూసి ఆపుతుంది. నిండగానే సెల్లు వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు వెనక్కి తగ్గుతుంది. దాన్ని పసిగట్టి కట్ చేస్తుంది. కరెంటు పోయి వచ్చినా మళ్లీ సెల్లునే చూస్తుంది కాబట్టి టెన్షన్ లేదు. షాపులో "స్మార్ట్ ఛార్జరు, ఆటో కట్ ఆఫ్" అని అడగండి. "టైమరు ఉంది బాబూ" అంటే అది కాదని చెప్పండి.

ఇంకొకటి. ఛార్జరులో సెల్లు పెట్టే ప్రతి గదికీ విడిగా లైటు ఉందా చూడండి. కొన్ని ఛార్జర్లు రెండేసి సెల్లు పెడితేనే పనిచేస్తాయి. మన చిన్న ఎల్ఈడీ టార్చిలు చాలావాటిలో మూడు సెల్లుంటాయి. మరి మూడోదాని సంగతి? జత చేద్దామని సగం నిండినదాన్ని పక్కన పెడితే ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అవుతుంది. గదికో లైటు ఉంటే ఏ సెల్లు లెక్క దానిదే.

వీలైతే యూఎస్‌బీ తీగతో నడిచేది తీసుకోండి. కరెంటు లేనప్పుడు పవర్ బ్యాంకుకి పెట్టుకోవచ్చు. 2000 ఎంఏహెచ్ సెల్లు నాలుగైదు గంటల్లో నిండేది మంచిది. పావుగంట, అరగంట అని చెప్పేవాటిలో సెల్లు బాగా వేడెక్కుతుంది.

[తెర మీద: యూఎస్‌బీ రంధ్రం ఉన్న సెల్లు.]

ఇలా సెల్లుకే రంధ్రం ఉన్నవి లిథియం రకం. 1.5 వోల్టులు చివరిదాకా ఇస్తాయి, బాగానే ఉంటాయి. కానీ చాలావరకు ముందు చెప్పకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి. రాత్రిపూట టార్చికి నేనైతే పెట్టను. వీటిని మనం ఇప్పుడు చూసిన ఛార్జరులో ఎప్పుడూ పెట్టకండి. మామూలు ఆల్కలైన్ సెల్లు అసలే పెట్టకండి, కారుతుంది, పగలొచ్చు కూడా. అదే సైజులో 3.7 వోల్టుల లిథియం సెల్లు కూడా దొరుకుతాయి, వాటిని రిమోట్‌లోనో బీపీ మిషనులోనో వేస్తే ఆ వస్తువు కాలిపోవచ్చు.

కలిసి కొన్నవాటి మీద మార్కరుతో ఒకే అక్షరం, కొన్న నెల రాసుకోండి. ఎప్పుడూ అవే కలిపి వాడండి. చచ్చిపోయినవి చెత్తలో కలపకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలది.

[తెర మీద: దూది పుల్ల, నిమ్మచెక్క.]

ఇప్పుడు అమ్మ మిషను. కారింది క్షారం, అందుకే నిమ్మరసం. చేతికి గ్లవుజు వేసుకుని, దూది పుల్లను కాస్త తడిపి స్ప్రింగు మీద రుద్దాలి. చూడండి, నురగ వస్తోంది. పొడిగుడ్డతో తుడిచి, అరగంట ఆరనిచ్చాను. "క" అని రాసిన నాలుగు సెల్లూ వేస్తున్నాను.

[తెర మీద: మిషను తెర వెలుగుతుంది. అమ్మ చెయ్యి ముందుకు చాపుతుంది.]