ఓడ దిగి లాఖ్ నెస్ చూసి వేళకు తిరిగి రావడం ఎలా? ఇన్వర్‌గోర్డన్ బస్సు ట్రిప్

నమస్తే అండీ. నా వెనక సముద్రంలో ఇనప కాళ్ళ మీద నిలబడ్డవి కనిపిస్తున్నాయా? అవి ఆయిల్ రిగ్గులు. నార్త్ సీలో పని లేనివీ, రిపేరుకొచ్చినవీ ఇక్కడ తెచ్చి నిలబెడతారు. కోటలూ సరస్సులూ చూద్దామని స్కాట్లాండ్ వస్తే ముందు స్వాగతం చెప్పేవి ఇవే. మా అమ్మ పొద్దున్నే క్యాబిన్ కిటికీలోంచి చూసి, "ఇదేం ఊరే, ఫ్యాక్టరీ లెక్కుంది" అంది.

ఊరి పేరు ఇన్వర్‌గోర్డన్. క్రోమార్టీ ఫర్త్ ఒడ్డున ఉంటుంది. ఫర్త్ అంటే భూమి లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. లోతు బాగా ఉంటుంది కాబట్టి పెద్ద క్రూజ్ షిప్పులు నేరుగా వచ్చి ప్లాట్‌ఫాం మీద రైలాగినట్టు ఆగుతాయి. చిన్న పడవల్లోకి దింపి ఒడ్డుకు చేర్చే తతంగం లేదు. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకు ఇది చాలా పెద్ద సుఖం.

ఈ వీడియోలో చెప్పేది ఒక్కటే. ఓడ ఇక్కడ ఆగే ఒక్క పగటిలో బస్సెక్కి లాఖ్ నెస్ సరస్సూ, దాని ఒడ్డున ఉన్న ఎర్కర్ట్ కోటా తీరిగ్గా చూసి, ఓడ తప్పిపోకుండా రావడం ఎలా అని. తీరిగ్గా అని ఎందుకంటున్నానంటే, పోయినేడాది నేను చేసిన పని చెప్తాను, నవ్వుకోండి.

అత్తయ్యనూ మామయ్యనూ తీసుకొచ్చాను. ఒక్క రోజులో అయిదు చోట్లు అని రాసున్న టూర్ దొరికింది. కంపెనీ పేరెందుకులెండి. రెండు కోటలు, ఒక యుద్ధభూమి, లాఖ్ నెస్, ఆఖర్న ఇన్వర్‌నెస్‌లో షాపింగ్. డబ్బులకు గిట్టుబాటే కదా అనుకున్నాను. లాఖ్ నెస్ దగ్గర మాకిచ్చింది 20 నిమిషాలు. అందులో 15 మామయ్య టాయిలెట్ క్యూలోనే గడిపారు. ఇంటికొచ్చాక ఎవరో ఫోన్‌లో "లాఖ్ నెస్ ఎట్లుందండీ" అని అడిగితే, "శుభ్రంగా ఉందమ్మా, సబ్బు కూడా పెట్టారు" అన్నారాయన.

అందుకే ఈసారి అమ్మతో వచ్చేముందు ఒక కాగితం తీసుకుని లెక్క వెనక నుంచి వేశాను. మీరూ ఇప్పుడే వేయండి, వీడియో ఆపైనా సరే.

(కాగితం చూపిస్తూ) ఓడ సాయంత్రం 6కి కదులుతుందనుకుందాం. ఆల్ అబోర్డ్ టైమ్, అంటే అందరూ లోపల ఉండాల్సిన టైమ్, సాధారణంగా ఓ అరగంట ముందుంటుంది. 5:30 రాయండి. ఇప్పుడు దాన్ని కొట్టేసి 4 అని రాయండి. ఆ గంటన్నర దారిలో ట్రాఫిక్‌కి, వానకి, బస్సులో ఒకాయన టోపీ మర్చిపోయినందుకు. కోట నుంచి ఓడ దాకా సుమారు 67 కిలోమీటర్లు. బస్సులో గంటన్నర వేసుకోండి. అంటే కోట దగ్గర బస్సు 2:30కి కదలాలి. ఇప్పుడు పొద్దుటి వైపు రండి. ఓడ 8కి ఒడ్డుకు చేరినా, జనం దిగి, బస్సెక్కి, తలలు లెక్కపెట్టి కదిలేసరికి 9. కోట చేరేసరికి 10:30. మిగిలిందెంత? 4 గంటలు.

చూశారా, ఓడ ఆగింది 10 గంటలు, మీ చేతికొచ్చింది 4. దీన్ని అయిదు చోట్లకు పంచితే ఏమొస్తుంది? సబ్బొస్తుంది.

కాబట్టి ఒక కోట, ఒక సరస్సు, అంతే. ఎర్కర్ట్ సరస్సు ఒడ్డునే ఉంది కాబట్టి రెండూ ఒకేచోట అయిపోతాయి. లోపల గదులు, ఫర్నిచర్, చిత్రపటాలు ఉన్న కోటే కావాలంటే లాఖ్ నెస్ ఆశ వదులుకుని ఉత్తరానికి డన్‌రాబిన్ వెళ్ళండి. 189 గదులు, వెనక తోట, డేగలతో విన్యాసాలు. లేదా ఇన్వర్‌నెస్ దాటి కాడర్. షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకంలో వినిపించే పేరు అదే, కానీ అసలు మాక్‌బెత్ రాజు చనిపోయింది 1057లో, ఆ కోట కట్టింది అంతకు మూడొందల ఏళ్ళ తర్వాత. గైడ్ ఎంత గంభీరంగా చెప్పినా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. రెండు కోటలు ఒకే రోజు మాత్రం వద్దు.

టూర్ బుక్ చేసేటప్పుడు మాటలు జాగ్రత్తగా చదవండి. 'విజిట్' అని ఉంటే లోపలికి వెళ్తారు. 'ఫొటో స్టాప్' అంటే రోడ్డు పక్కన ఆపుతారు, ఫొటో తీసుకుని ఎక్కేయాలి. 'పనోరమిక్' అని కనబడితే ఆ రోజంతా బస్సు అద్దంలోంచే చూస్తారని అర్థం. నడవలేనివాళ్ళకు అది మంచిదే, తెలిసి తీసుకోండి. కోట టికెట్ కలిసుందా, బోటు కలిసుందా, ఈ రెండూ విడిగా అడగండి.

ఓడవాళ్ళ టూర్ తీసుకోవాలా, బయట బుక్ చేసుకోవాలా? ఓడవాళ్ళది ఖరీదెక్కువ. కానీ వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా పెట్టుకున్న బస్సు ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి పోర్టుకు మీ ఖర్చుతో మీరు చేరుకోవాలి. నా ఉద్దేశం అడిగితే, పెద్దవాళ్ళతో మొదటిసారి వస్తే ఓడవాళ్ళది తీసుకోండి. లెక్క వేయడం అలవాటైతే రెండోసారి బయటది. ఇంకో సంగతి. ఓడ నార్వే మీదుగా వస్తుంటే ఓడ గడియారం ఒక్కోసారి ఇక్కడి టైమ్ కంటే గంట ముందుంటుంది. మీ ఫోన్ ఒడ్డున సిగ్నల్ తగలగానే ఇక్కడి టైముకు మారిపోతుంది. ఆల్ అబోర్డ్ చెప్పేది ఓడ టైములో. దిగేముందు రిసెప్షన్‌లో అడిగి, ఆ టైముకు పెట్టిన మామూలు చేతిగడియారం ఒకటి పెట్టుకోండి.

సరే, బస్సెక్కుదాం. ఇక్కడ దీన్ని కోచ్ అంటారు. మనం కోచ్ అంటే రైలు బోగీ అనుకుంటాం, ఇది టూరిస్టు బస్సు. ఎక్కగానే ఎడమ వైపు, అంటే తలుపున్న వైపు వరస పట్టుకోండి. ఈ ఒక్క చిట్కా కోసం వీడియో చూసినా నష్టం లేదు. వెళ్ళేటప్పుడు ఏ9 రోడ్డు మీద ఫర్త్ నీళ్ళు ఎడమ వైపే. ఇన్వర్‌నెస్ దాటి ఏ82 ఎక్కాక లాఖ్ నెస్ కూడా ఎడమ వైపే. కుడి వైపు కూర్చున్నవాళ్ళు మీ తల వెనక భాగాన్ని చూస్తూ వస్తారు. మరి వచ్చేటప్పుడు? అప్పుడు మీకు నీళ్ళుండవు, కొండలుంటాయి. ఆ కొండల్లో ఒకటి మనకు సంబంధించింది. అది చివర్లో చెప్తాను.

ఏ9 మీద కెసక్ వంతెన దాటుతున్నప్పుడు రెండు వైపులా సముద్రమే. దిగితే ఇన్వర్‌నెస్. ఇన్వర్ అంటే ఇక్కడి గేలిక్ భాషలో నది కలిసే చోటు. నెస్ నది సముద్రంలో కలిసే ఊరు కాబట్టి ఇన్వర్‌నెస్. ఊరు దాటే చోట కాలవ మీద పక్కకు తిరిగే వంతెన ఒకటుంది, టామ్‌నహూరిక్ అని. పడవ వచ్చిందంటే వంతెన పక్కకు తిప్పేస్తారు, బస్సు ఆగాల్సి రావచ్చు. నేను పక్కన పెట్టమన్న గంటన్నర ఇలాంటివాటికే.

ఇంకాస్త ముందుకెళ్ళాక చెట్ల సందుల్లోంచి నల్లగా ఒక నీటి పట్టీ మొదలవుతుంది. అదే. ఇక్కడ ఎవరూ లేక్ అనరు, లాఖ్. ఆఖరి ఖ గొంతులోంచి గీరుకుంటూ రావాలి. మనకు ఖ ఉంది కాబట్టి అమెరికా వాళ్ళకంటే మనమే బాగా పలుకుతాం.

పొడవు 37 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల కిలోమీటరున్నరే. చూడటానికి పెద్ద నదిలా ఉంటుంది. కానీ లోతు 230 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124. రెండు సాగర్ డ్యాములు ఒకదాని మీద ఒకటి నిలబెడితే పైన ఓ 18 మీటర్లు మాత్రం బయటికి కనిపిస్తుంది. నీళ్ళెన్ని? 7.4 ఘనపు కిలోమీటర్లంటారు. మన భాషలో దాదాపు 260 టీఎంసీలు. శ్రీశైలం కంటే ఎక్కువ, సాగర్ కంటే కొంచెం తక్కువ. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నీ కలిపినా ఇన్ని నీళ్ళు లేవు.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాల్వ కింద పొలం. ఈ టీఎంసీల లెక్క చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఇన్ని నీళ్ళున్నయ్ గదా, కాల్వ తియ్యలేదా?" తీశారమ్మా, కానీ పొలాలకు కాదు, పడవలకు. 1822లో తెరిచిన కాలిడోనియన్ కాలవ అదే, ఇందాక వంతెన దగ్గర మనల్ని ఆపింది. "పొలాలకు పైనుంచే పడుతుంది గదా" అని వాన వైపు చెయ్యి చూపించింది. నిజమే.

(సీసా చూపిస్తూ) ఇది ఒడ్డున పట్టిన నీళ్ళు. కెమెరాకు దగ్గరగా పెడతాను. పల్చటి డికాషన్ రంగు, చూశారా? మురికి కాదు. చుట్టూ కొండల మీద వేల ఏళ్ళుగా కుళ్ళి పేరుకున్న పీట్ మట్టి వానతో కొట్టుకొచ్చి కలుస్తుంది. సీసాలోనే ఇట్లుంటే 230 మీటర్ల లోతున ఎట్లుంటుంది? కటిక చీకటి. ఆ చీకట్లోనే పుట్టింది నెస్సీ అనే వింత జంతువు కథ.

1933లో ఈ ఒడ్డున రోడ్డు పనులు జరిగాయి. అదే ఏడాది మే నెలలో ఇన్వర్‌నెస్ పత్రికలో వింత జంతువు కనబడిందని వార్త. మరుసటి ఏడాది పొడుగు మెడ ఫొటో. ప్రపంచమంతా చూసిన ఆ ఫొటో బొమ్మ జలాంతర్గామికి తలా మెడా అతికించి తీసిందని 1990ల్లో బయటపడింది. 2018లో శాస్త్రవేత్తలు నీళ్ళలోంచి డీఎన్ఏ తీసి చూస్తే పెద్ద బల్లి జాతి జాడ ఏదీ దొరకలేదు, ఈల్ చేపలవి మాత్రం బోలెడు. గైడ్లు ఇదంతా చెప్పి, చివర్లో "అయినా కెమెరా రెడీగా పెట్టుకోండి" అంటారు. పెట్టుకోండి, తప్పేం లేదు.

ఇక కోట. బస్సు ఆగేది పైన, కోట కింద. మధ్యలో విజిటర్ సెంటర్. అందులో ఓ చిన్న సినిమా వేస్తారు, అయిపోగానే తెర తొలిగి ఎదురుగా కోట కనిపిస్తుంది. బాగుంటుంది. కానీ మీతోపాటు ఇంకో మూడు బస్సులు దిగితే సినిమాకు క్యూ కట్టకండి. అందరూ అటు వెళ్తారు, మీరు నేరుగా కిందికి దిగండి. అరగంటసేపు కోటంతా మీ ఒక్కరిదే. సినిమా వచ్చేటప్పుడు చూడొచ్చు. దిగుడు బాగానే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కేటప్పుడు ఆగి ఆగి రావాలి. దీనికి 20 నిమిషాలు లెక్కలో వేసుకోండి.

నిజం చెప్పాలంటే గోల్కొండ చూసిన కళ్ళకు ఇది చిన్నదే, పైగా సగం కూలింది. దీని గొప్ప అంతా చోటులో ఉంది. నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్క మీద నిలబడి సరస్సును అటూ ఇటూ ఎంతో దూరం చూడొచ్చు. ఎవరు ఈ దారిన వచ్చినా కనబడకుండా పోలేరు. అందుకే అందరికీ కావాల్సొచ్చింది. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ సైన్యం పట్టుకుంది. 1545లో మాక్‌డొనాల్డ్ వంశం వాళ్ళు దోచుకుంటే పశువులూ ఫిరంగులతో పాటు పరుపులూ వంటపాత్రలూ కూడా పట్టుకుపోయారు. చివరికి 1692లో ఇక్కడున్న ప్రభుత్వ సైనికులు వెళ్ళిపోతూ, తిరుగుబాటుదారులకు పనికి రాకూడదని మందుగుండు పెట్టి పేల్చేశారు. ద్వారం దగ్గర గోడముక్కలు విరిగిన గారె ముక్కల్లా ఇప్పటికీ అక్కడే పడున్నాయి.

గ్రాంట్ టవర్ ఎక్కండి. మెట్లు ఇరుకు, మెలికలు. ఎదురొచ్చేవాళ్ళకు దారివ్వాలి. పైన గాలికి అమ్మ కొంగు పట్టుకోలేక చివరికి నా రెయిన్‌కోటు మీద నుంచి వేసుకుని బెల్టు కట్టుకుంది. గొడుగు తేకండి, ఇక్కడి గాలికి తిరగబడుతుంది. జులై అయినా స్వెటర్ ఉండాలి. గాలి ఆగితే మిడ్జెస్ అని కంటికి ఆనని పురుగులు కుడతాయి, దోమల క్రీము సరిపోతుంది.

తిండి సంగతి. విజిటర్ సెంటర్ కేఫ్‌లో సూపు, స్కోన్ దొరుకుతాయి. ఓడ బఫేలోంచి పండ్లూ శాండ్‌విచ్‌లూ మూటగట్టుకు రాకండి, చాలా ఓడలు ఒప్పుకోవు. మేం ఇంటినుంచి తెచ్చుకున్న చెగోడీల ప్యాకెట్ బస్సులో తెరిస్తే గైడ్ కూడా నాలుగు తీసుకుంది. బోటి ఇష్టమైనవాళ్ళు హ్యాగిస్ ఎక్కడైనా కనబడితే వదలకండి. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి వండుతారు.

బస్సు కదిలే టైముకు పది నిమిషాల ముందు టాయిలెట్, అయిదు నిమిషాల ముందు సీటు. ఎక్కిన సీటులోనే కూర్చోండి, తలలు లెక్కపెట్టడం తేలికవుతుంది.

ఇప్పుడు ఆ కొండ. వచ్చేటప్పుడు ఇవాంటన్ దాటాక ఎడమ వైపు చూస్తూ ఉండండి. శిఖరం మీద కమానులున్న ద్వారం లాంటిది కనిపిస్తుంది. (ఫొటో చూపిస్తూ) ఇదే, ఫైరిష్ కొండ. 1782లో ఇక్కడి జమీందారు హెక్టర్ మన్రో కట్టించాడు. అది నాగపట్నం కోట ద్వారానికి నమూనా! తమిళనాడు నాగపట్నమే. డచ్చివాళ్ళ నుంచి 1781లో ఆ ఊరిని పట్టుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యానికి నాయకుడు ఈయనే. పని లేని ఊరివాళ్ళకు కూలి దొరకాలని కట్టించాడంటారు ఇక్కడివాళ్ళు. కూలి ఇంకొన్నాళ్ళు నడవాలని రాళ్ళు తనే కిందికి దొర్లించేవాడట, అది మాత్రం కథే కావచ్చు.

అమ్మ వెంటనే, "మంత్రాలయం మన్రోనా?" అంది. కాదమ్మా, ఆయన థామస్ మన్రో, రాయలసీమ కలెక్టరు, పుట్టింది గ్లాస్గోలో. ఈయన వేరే. "మరి ఇద్దరూ మన దగ్గరికే వచ్చిండ్రేంది?" అంటూ కొండ కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూసింది.

రిగ్గులు మళ్ళీ కనిపించాయంటే వచ్చేసినట్టే. ఓడ కార్డు చేతిలో పట్టుకోండి, బ్యాగులు స్కానింగ్‌లో పెట్టాలి. మేం గ్యాంగ్‌వే దగ్గర నిలబడేసరికి, ఇదిగో, 3:50.